గొడవ బతికే ఉందని రాసిచ్చిన కాగితం

నవంబరు వచ్చిందంటే పింఛనుదార్లందరూ తాము ఇంకా బతికే ఉన్నామని చెప్పుకోవడానికి ట్రెజరీకో బ్యాంకుకో వెళ్తారు. చోడిశెట్టి గవర్రాజుకు పింఛను లేదు. ఆయన రాజమండ్రిలో గొడుగులు కుట్టించి అమ్ముకునే మనిషి. అయినా ఏటా నవంబరులో ఒక సర్టిఫికెట్ కోసం ఆయనా హైదరాబాదు వెళ్లాలి. తాను బతికున్నానని చెప్పడానికి కాదు, తన గొడవ బతికుందని చెప్పడానికి.

ఈ నియమం జాతీయ వాణిజ్య వివాదాల ట్రిబ్యునల్ వారిది. వెనకెప్పుడో ఆడిట్‌వాళ్లు వచ్చి, "మీ దగ్గర ఎనిమిది వేల నాలుగు వందల పన్నెండు వివాదాలు పెండింగులో ఉన్నాయంటున్నారు. అవన్నీ ఇంకా బతికే ఉన్నాయని ఏమిటి నమ్మకం?" అని అడిగారు. మామూలు ఆఫీసయితే ఈ ప్రశ్నకు జవాబు రాసుకుంటూ ఓ పదేళ్లు గడిపేసేది. ట్రిబ్యునల్ వారికి పట్టుదల ఎక్కువ. నెల తిరక్కుండా సర్క్యులర్ తీశారు. ప్రతి వివాదంలోని ఇరుపక్షాలూ ఏడాదికోసారి స్వయంగా హాజరు కావాలి. అధికారి ఎదుట పోట్లాడుకోవాలి. పోట్లాట సంతృప్తికరంగా ఉంటే 'వివాద సజీవతా ధ్రువపత్రం' ఇస్తారు.

అప్పటి నుంచీ ట్రిబ్యునల్‌కు ఏడాది పొడుగునా అదే పని. నవంబరు నుంచి జనవరి దాకా పోట్లాటలు చూడాలి. ఫిబ్రవరిలో వాటిని కూడి, హెచ్చవేయాలి. మార్చిలో వార్షిక నివేదిక అచ్చు వేయాలి. మిగిలిన నెలల్లో వచ్చే నవంబరుకు నోటీసులు పంపాలి. ఇంత పనిలో కూర్చుని తీర్పులు చెప్పడానికి ఎవరికి మాత్రం తీరుతుంది?

గవర్రాజు గొడవ వయసు పదకొండేళ్లు. అది చీరాల అద్దకం వ్యాపారి అవ్వారు మార్కండేయులు పంపిన నల్లగుడ్డతో మొదలైంది. ఆ గుడ్డతో కుట్టిన గొడుగులు తొలకరి వానకే రంగు వదిలేశాయి. గొడుగు వేసుకోనివాళ్లు తెల్లగా తడిసి ఇళ్లకు చేరితే, వేసుకున్నవాళ్లు నల్లగా తడిసి చేరారు. గవర్రాజు కేసు వేశాడు. మార్కండేయులు తరపు లాయరు, "మా కక్షిదారు గుడ్డను ఎండ గొడుగుకని ఇచ్చాడే గాని వాన గొడుగుకని ఇవ్వలేదు" అని జవాబు దాఖలు చేశాడు. ట్రిబ్యునల్ వారు వచ్చి మిగిలిన మూడువేల రెండువందల గొడుగులనూ వివాద వస్తువుగా ప్రకటించారు. వాటిని గవర్రాజు కుట్టుగదిలోనే పెట్టి, తలుపుకు తాళం వేసి, లక్కతో సీలు వేసి వెళ్లారు.

ఆ పూట నుంచి గవర్రాజు దగ్గర గొడుగులు కుట్టే ఆరుగురు ఆడవాళ్లూ వరండాలో కూర్చుని కుడుతున్నారు. వాన జల్లు ఎటు కొడితే దానికి ఎదురువైపు మిషన్లు జరుపుకుంటూ పదకొండు వానాకాలాలు గడిపారు. మొన్న శ్రావణంలో పెద్ద వాన పడితే ఆరుగురూ అప్పుడే కుట్టిన గొడుగులు తెరిచి నెత్తిన పెట్టుకుని, ఒంటిచేత్తో మిషన్లు తిప్పారు. ఆ వారం చివర్లో వాళ్లలో పెద్దదైన లోవమ్మ వచ్చి గవర్రాజు ముందు నిలబడింది.

"గొడుగులు కుట్టేవోళ్లం తడిసిపోతన్నావండి. ఎవరికి చెప్పుకున్నా నవ్వుతున్నారు. వచ్చే వానలకి ఆ గది తలుపు తెరుచుకోపోతే ఆరుగురం జీడిపప్పు ఫ్యాక్టరీకి ఎల్లిపోతావండి. కోపంతో ఎల్లడం కాదండి, జలుబుతో ఎల్తన్నాం."

గవర్రాజుకు ఆ రాత్రి అన్నం సయించలేదు. ముప్పై ఏళ్లుగా ఆయన పేరు నిలబెట్టినవి ఆ ఆరుగురి చేతులు. వాళ్లు పోతే ఇక గొడుగు లేదు, గవర్రాజూ లేడు. ఏమైనా సరే, ఈ నవంబరుతో కేసు తెంచుకోవాలని నిశ్చయించుకున్నాడు.

తెంచుకోవడానికి అవతలి మనిషి వైపు నుంచి ఏ అడ్డంకీ లేదు. ఎందుకంటే ఈ పదకొండేళ్లలో వాళ్లిద్దరూ ప్రాణస్నేహితులయ్యారు. మొదటి ఏడు ఒకే బండిలో వేర్వేరు పెట్టెల్లో వెళ్లారు. రెండో ఏడు రద్దీలో ఒకే సీటు దొరికితే, చెరో వైపు మొహం తిప్పుకుని కూర్చున్నారు. మూడో ఏడు మార్కండేయులు ఇడ్లీ పొట్లం విప్పి, "తింటావా అయ్యా?" అన్నాడు. నాలుగో ఏటి నుంచి గవర్రాజు ఆత్రేయపురం పూతరేకులు తేవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఒకరి షుగరు ఎంతుందో రెండోవారికి తెలుసు. ఏటా విజయవాడ స్టేషన్లో కలుసుకోవడం, దారంతా కబుర్లు చెప్పుకోవడం, సికింద్రాబాదు దగ్గర పడుతుంటే ఈసారి ఏమని తిట్టుకోవాలో నాలుగు మాటలు అనుకోవడం. అంతే.

ఈసారి గవర్రాజు సంచీలో పూతరేకులతో పాటు, సంతకాలకు చోటు వదిలిన రాజీపత్రం కూడా ఉంది.

ట్రిబ్యునల్ గేటుకు పెద్ద బ్యానరు కట్టారు. 'వివాద సంరక్షణ వారోత్సవాలు' అని దాని మీద రాసి ఉంది. కింద ఛైర్మన్‌గారి సందేశం: 'ఒక వివాదం మరణించడమంటే ఒక ఫైలు అనాథ కావడమే.' లోపల హాల్లో జంటలు జంటలుగా జనం. ఒక మూల ఇద్దరు ముసలి మిర్చి వ్యాపారులు ఒకరి కాలరు ఒకరు పట్టుకుని సాధన చేస్తున్నారు. మధ్యమధ్య ఆగి, "నొప్పెట్టిందా?" అని అడుగుతున్నారు.

గవర్రాజు కౌంటరు దగ్గరికి వెళ్లి రాజీపత్రం లోపలికి తోశాడు. అవతల కూర్చున్నావిడ దాన్ని చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివింది.

"రాజీనా? రాజీ కౌంటరు తొమ్మిదోది. అందులో విరిగిన కుర్చీలు పెట్టాం. అయినా మీకు సజీవతా పత్రం ఏదీ?"

"రాజీ పడిపోయామండీ. ఇంక గొడవ బతికుంటే ఎంత, లేకపోతే ఎంతండి?"

"భలేవారే. బతికున్న వివాదాన్నే పరిష్కరించగలం గాని, చచ్చిపోయినదాన్ని ఎలా పరిష్కరిస్తాం? ముందు లోపలికెళ్లి పోట్లాడి రండి. పత్రం తెస్తే రాజీ సంగతి చూద్దాం" అంటూ రాజీపత్రం వెనక్కి తోసింది.

గవర్రాజుకు ఇందులో న్యాయం కనిపించలేదు గాని దారి కనిపించింది. ఇద్దరూ కలహ నిర్ధారణాధికారి గుడిమెళ్ల సోమయాజులుగారి గదిలోకి వెళ్లారు. సోమయాజులుగారు పొడుగ్గా, శుభ్రంగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉంటారు. ఆయన బల్ల మీద శబ్దం కొలిచే మిషను ఒకటి, మార్కుల కాగితం ఒకటి ఉన్నాయి. గొంతుకు ముప్పై, చేతులకు ఇరవై, విషయానికి యాభై.

"వాది ప్రతివాదులు తమ తమ స్థానములలో నిలబడవలెను. కలహ కాలపరిమితి ఐదు నిమిషములు. శారీరక హాని కలిగించరాదు. కలిగించు ఉద్దేశము మాత్రము వ్యక్తము చేయవచ్చును. ప్రారంభించుడు."

గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. "మీ గుడ్డ రంగు పోయిందండి."

"పోయింది, నిజమే" అన్నాడు మార్కండేయులు.

"మీరలా ఒప్పేసుకుంటే ఎలాగండి?"

"అబ్బ, మర్చిపొయ్యా. పోలేదు. వానదే తప్పు."

"అదీ... వాన కూడా ఆ ఏడు కాస్త జోరుగానే పడిందిలెండి."

"ఏందయ్యా, గొంతు బొంగురుపోయింది? దగ్గు తగ్గలేదా ఇంకా?"

"తగ్గిందండి. మీరు చెప్పిన మిరియాల పాలు తాగాను."

సోమయాజులుగారు కలం కింద పెట్టారు. మిషను ముల్లు లేవనే లేదు. వందకు పద్దెనిమిది మార్కులు వచ్చాయి. అందులో పది, సమయానికి హాజరైనందుకు.

"ఇరువది తొమ్మిది సంవత్సరముల నా సర్వీసులో ఇంత బలహీనమైన వివాదమును చూడలేదు. పోషణ లోపము స్పష్టము" అన్నారాయన బాధగా.

"పోనీ చచ్చిపోయిందని రాసెయ్యండి, బాబూ. సీలు తీసుకుంటాం" అన్నాడు గవర్రాజు ఆశగా.

"అట్లు రాయుటకు వీలులేదు. సజీవత్వము నిరూపితము కాని వివాదము మరణించినట్లు కాదు, ఆచూకీ లేనట్లు. ఆచూకీ లేని వివాదమునకై ఏడు సంవత్సరములు వేచియుండవలెను. అంతవరకు సీలు యథాతథము. అయితే ఈ సాయంత్రము నాలుగు గంటలకు పునఃపరీక్షకు అవకాశము కలదు."

ఏడేళ్లు! గవర్రాజు వసారాలోకొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. పూతరేకుల పొట్లం విప్పబుద్ధి కాలేదు. మార్కండేయుల్ని తిట్టడానికి ఒక్క మాట కోసం రెండు గంటలు వెతికాడు. ఎంత వెతికినా ఆ మనిషి పెట్టిన ఇడ్లీలూ, తన ఆపరేషన్‌కు చీరాల నుంచి వచ్చి ఆసుపత్రిలో నాలుగు రోజులు కూర్చోవడమూ తప్ప ఇంకేమీ గుర్తుకు రాలేదు. మార్కండేయులు మాత్రం బెంచీ రెండో చివర కూర్చుని గోళ్లు చూసుకుంటున్నాడు.

నాలుగు కొట్టింది. మళ్లీ అదే గది, అదే మిషను. సోమయాజులుగారు ప్రారంభించమన్నారు. గవర్రాజు "మీ గుడ్డ..." అని మొదలుపెట్టి, మళ్లీ మొదటికొచ్చాడు. అప్పుడు మార్కండేయులు నెమ్మదిగా అన్నాడు.

"గవర్రాజూ, నువ్వు తిట్టలేకుండా ఉన్నావు. నీకొక నిజం చెప్తా. ఆ గుడ్డ సంగతి నాకు ముందే తెలుసయ్యా."

"ఏ సంగతండి?"

"రంగు నిలబెట్టే మందు అయిపోయిందా పూట. కాగులో రంగు మరుగుతా ఉంది. ఆపితే అంతా పాడవుద్ది. సరేలే అని మందు లేకుండానే ముంచేశా. మొదటి వానకే పోద్దని తెలుసు. తెలిసే పంపించా."

గవర్రాజు ముందు తెల్లబోయాడు. తర్వాత ఎర్రబడ్డాడు.

"తెలిసే పంపారా? తెలిసే! హెడ్మాస్టరుగారు తెల్ల పంచెతో స్కూలుకెళ్లి, తారు పీపాలో పడ్డట్టు తిరిగొచ్చి, గొడుగు నా మొహాన కొట్టారండి! బజారంతా నన్ను మసిగొడుగు గవర్రాజన్నారు! మా మావగారు కూడా అన్నారు! పదకొండేళ్లండీ, పదకొండేళ్లు! నా పక్క సీట్లో కూర్చుని, నా పూతరేకులు తింటా, 'ఆ ఏడు వానలో ఏదో తేడా ఉందయ్యా' అని నాకే చెప్తారా? నేను నమ్మి, వానని తిట్టుకున్నానే! అక్కడ నా మనుషులు వరండాలో తడిసి చస్తన్నారే! ఛీ! మీరు మనిషేనా అంట!"

చేతులు గాల్లో లేచాయి. కుర్చీ పడిపోయింది. సంచీ నేలకేసి కొట్టాడు. మిషను ముల్లు చివరి గీత దాటి అవతల గోడకు తగిలి ఆగింది. పక్కగదుల ఉద్యోగులందరూ తలుపు దగ్గర మూగారు. మిర్చి వ్యాపారులిద్దరూ కాలర్లు వదిలేసి గౌరవంగా చూస్తూ నిలబడ్డారు. ఐదు నిమిషాల గంట కొట్టినా గవర్రాజు ఆగలేదు. ఆయన కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి.

సోమయాజులుగారి మొహం వెలిగిపోయింది. లేచి నిలబడి మార్కులు వేశారు. తొంభై ఏడు. "ప్రతివాది తిరిగి తిట్టకపోవుట వలన మూడు తగ్గించడమైనది" అని వివరణ రాసి, సజీవతా ధ్రువపత్రం మీద రెండు ముద్రలు కొట్టి ఇచ్చారు.

గవర్రాజు కాగితం లాక్కుని, సంచీ తీసుకుని బయటికి వచ్చేశాడు. రాజీపత్రం చింపేసి మొదటి బండికి ఊరెళ్లిపోవాలనిపించింది. నష్టం ఆయన్ను బాధించలేదు. నమ్మిన మనిషి పదకొండేళ్లు నోరు మెదపలేదన్నదే గుండెలో గుచ్చుకుంది.

మార్కండేయులు వచ్చి కాస్త దూరంగా నిలబడ్డాడు. "ఇడ్లీ పొట్లం విప్పినప్పుడల్లా చెప్దామనే అనుకునేవాణ్ణయ్యా. విప్పినాక నువ్వు నవ్వేవాడివి. నోరొచ్చేది కాదు. ఇయ్యాల చెప్పకపోతే నీ గది ఏడేళ్లు మూతపడుద్ది. సంతకం పెట్టకపోయినా నేనేమీ అనుకోను."

మార్కండేయులు ఇంకో గంట నోరు మూసుకుని ఉంటే ఈ నిజం ఎప్పటికీ బయటపడేది కాదని గవర్రాజుకు తోచింది. స్నేహం చెడిపోతుందని తెలిసీ, తన కుట్టుగది కోసం చెప్పాడు. అలాగని కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. సంచీలోంచి రాజీపత్రం తీసి, బెంచీ మీద పరిచి, కాగితం చిరిగేంత గట్టిగా సంతకం చేశాడు.

"కోపం పోలేదండి. సంతకం మా ఆడోళ్ల కోసం. మన సంగతి తరవాత చూసుకుందాం. పెట్టండి సంతకం."

కౌంటరావిడ వాళ్లను మళ్లీ ఆ గదికే పంపింది. రాజీపత్రం చూసి సోమయాజులుగారు కుర్చీలో కూలబడ్డారు. "తొంబది ఏడు మార్కుల వివాదము! ఈ సంవత్సరపు ఉత్తమ వివాద పురస్కారమునకు సిఫారసు చేయుచుంటిని. నిక్షేపమువంటి దానిని చేజేతులా చంపుకొందురా? పైగా పది నిమిషముల క్రితము అట్లు కొట్లాడి, ఇప్పుడు రాజీ యనిన, ఆ కలహము బూటకమని నేను అనుమానింపవలసి వచ్చును."

"బూటకమా? ఇంకోసారి తిట్టమంటారా?" అని గవర్రాజు మార్కండేయులు వైపు తిరిగాడు. ఆ చూపు చూసి సోమయాజులుగారు అనుమానాన్ని వెంటనే ఉపసంహరించుకున్నారు.

అయినా తన స్థాయిలో నిర్ణయించలేనని పైకి ఫోను చేశారు. అటు నుంచి ఛైర్మన్‌గారే మాట్లాడారు. మాటలు వింటున్నకొద్దీ సోమయాజులుగారు కుర్చీలో నిటారుగా అయ్యారు. సంగతేమిటంటే, వార్షిక నివేదికలో 'పరిష్కరించిన వివాదాలు' అనే గడి ఒకటుంది. ఆ సర్క్యులర్ వచ్చినప్పటి నుంచీ అందులో సున్నా వేస్తున్నారు. ప్రెస్సువాళ్లు ఆ గడిలో ఏటా సున్నా కూర్చడమెందుకని దానికి శాశ్వతంగా ఒక అచ్చు దిమ్మ చేయించి పెట్టుకున్నారు. ఈసారి పై కమిటీ వారు నివేదికను పొరపాటున చదివారట. కనీసం ఒకటైనా పరిష్కరించి చూపించమన్నారట. ఇన్నాళ్లకు ఒకటి దొరికిందా అంటూ ఛైర్మన్‌గారి గొంతు ఆనందంతో గద్గదమైంది.

ఇరవై నిమిషాల్లో తొమ్మిదో కౌంటరులోంచి విరిగిన కుర్చీలు బయటికి వచ్చాయి. రిబ్బను కట్టారు. ఫొటో తీశారు. రాజీ ఎలా నమోదు చెయ్యాలో ఎవరికీ తెలియక, గవర్రాజు రాసుకొచ్చిన కాగితాన్నే చూసి నమూనా ఫారం తయారుచేసుకున్నారు. ఉత్తర్వు చేతికిస్తూ సోమయాజులుగారు చివరి పేరా వేలితో చూపించారు.

"పరిష్కారము కూడ లెక్కలోనిదే గనుక, రాజీ సజీవముగ నున్నదని తమరు ప్రతి నవంబరునందు హాజరై నిరూపింపవలెను. నిరూపింపలేని పక్షమున వివాదము పునర్జన్మ ఎత్తినట్లు భావించి, గదికి మరల సీలు వేయబడును."

జనవరిలో సీలు తీశారు. లోవమ్మ గది మూడుసార్లు కడిగించి, కిటికీ పక్క చోటు తనకని చీటీ అంటించుకుంది. మార్కండేయులు లారీ తీసుకుని తనే వచ్చి, ఆ గొడుగుల పాత గుడ్డంతా ఊడదీయించి, మందు సరిగ్గా వేసి మళ్లీ అద్దించి పంపాడు. గవర్రాజు ఒక బకెట్ నీళ్లలో అందులోని ముక్కను మూడు రోజులు నానబెట్టి చూశాడు. నీళ్లు తెల్లగానే ఉన్నాయి. నాలుగో రోజు ఫోను చేసి, "పూతరేకులు పంపుతన్నానండి" అన్నాడు. అక్కడితో ఇద్దరూ కలిసి వ్యాపారం మొదలుపెట్టారు. చీరాల గుడ్డ, రాజమండ్రి కుట్టు. జూన్‌లో మొదటి వాన పడినప్పుడు ఆరుగురూ గదిలో పొడిగా కూర్చుని, వరండాలో పడుతున్న జల్లును కిటికీలోంచి చూస్తూ కుట్టారు.

కలిసి వ్యాపారం చేయడమంటే ఏమిటో అప్పటిదాకా ఇద్దరికీ తెలియదు. పదకొండేళ్ల కేసులో రాని మాటలు ఆరు నెలల వ్యాపారంలో వచ్చాయి. గొడుగంటే నల్లగానే ఉండాలని గవర్రాజు. గులాబీ పువ్వుల గుడ్డే ఇప్పుడు జనం అడుగుతున్నారని మార్కండేయులు. అక్టోబరులో మార్కండేయులు అడక్కుండానే నలభై తానుల పువ్వులగుడ్డ పంపాడు. గవర్రాజు అడక్కుండానే దాన్ని వెనక్కి పంపాడు. నవంబరులో విజయవాడ నుంచి సికింద్రాబాదు దాకా ఒకే సీట్లో కూర్చుని ఒక్క మాటా మాట్లాడుకోలేదు. ఇడ్లీ పొట్లం ఒకరి ఒళ్లో, పూతరేకుల పొట్లం ఒకరి ఒళ్లో విప్పకుండా ఉండిపోయాయి.

సోమయాజులుగారి గదిలో ఇప్పుడు శబ్దం మిషను పక్కనే ఒక స్టాప్‌వాచీ కూడా ఉంది. ఆయన హోదా కూడా మారింది: కలహ మరియు కౌగిలి నిర్ధారణాధికారి.

"ఇరుపక్షములు పరస్పరము ఆలింగనము చేసికొనవలెను. కాలపరిమితి ఒక నిమిషము. బిగువుకు యాభై, ఆప్యాయతకు యాభై. ప్రారంభించుడు."

గవర్రాజుకు ఆ మనిషిని చూస్తేనే ఒళ్లు మండుతోంది. కాని కళ్లముందు కిటికీ పక్కన కూర్చున్న లోవమ్మ మెదిలింది. వెళ్లి ఒక్కసారిగా వాటేసుకున్నాడు. మార్కండేయులు కూడా ఏమాత్రం తగ్గకుండా వాటేసుకున్నాడు.

"పువ్వులేంటండి, పువ్వులు? నేను గొడుగులు అమ్ముతున్నానా, దుప్పట్లు అమ్ముతున్నానా?" అన్నాడు గవర్రాజు ఆయన చెవిలో, పళ్లు బిగించి.

"నువ్వు అమ్మేది చూస్తే జనం ఎవురో పొయ్యారనుకుంటన్నారు" అన్నాడు మార్కండేయులు ఈయన చెవిలో.

"నలభై తానులు! అడగొద్దా?"

"అడిగితే ఒప్పుకునే మొహమేనా నీది?"

కౌగిలి బిగుసుకుంది. ఇద్దరి వీపుల మీదా చొక్కాలు ముడతలు పడ్డాయి. ఒకరి చెవిలో ఒకరు ఆప్తంగా గుసగుసలాడుకోవడం సోమయాజులుగారు గమనించి, కళ్లు చెమర్చగా వందకు వంద వేసి, ఈ రాజీకి ఇప్పట్లో ఏ ఢోకా లేదని వివరణ రాశారు. సమయం అయిపోయిందని రెండుసార్లు చెప్పారు. బయట జంటలు వేచి ఉన్నాయని మూడోసారి చెప్పారు. ఇద్దరిలో ఏ ఒక్కరూ వదల్లేదు. పువ్వుల సంగతి ఇంకా తేలలేదు.